మూడో కిటికీ నత్తమ్మ

నా అంత ఓపిక ఉన్నవాడు ఏడు దేశాల్లో లేడు. ఎంత పొడుగు లైనులోనైనా నోరు మెదపకుండా నిలబడే మనిషిని.

ఆ రోజు సరిహద్దు వంతెన ముందు బస్సు దిగి, నలభై మందిమి మూడో కిటికీ దగ్గర లైను కట్టాం.

కిటికీ లోపల ఒకావిడ. మావాళ్ళు అప్పటికే ఆవిడకు నత్తమ్మ అని పేరు పెట్టేశారు.

అందరికంటే ముందు ఒక తండ్రి, ఐదేళ్ళ కూతురు. పాప నెత్తిన ఎర్ర టోపీ, కాళ్ళకు ఇంట్లో వేసుకు తిరిగే చెప్పులు.

నత్తమ్మ ఆ చెప్పుల్ని చాలాసేపు చూసింది. తల్లి ఏదని అడిగింది. రేపో మాపో వస్తుందన్నాడు తండ్రి. మర్యాదస్తుడు, ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

నత్తమ్మ పాస్‌పోర్టు తిరగేసింది, బోర్లేసింది. సిరా అయిపోయిందంది. సిరా వచ్చేసరికి ముద్ర కింద పడేసుకుంది. ముద్ర దొరికేసరికి కళ్ళజోడు కనబడటం లేదంది. కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.

నేను గడ్డం గీసుకుని వెళ్ళానా, అప్పటికి అది బొడ్డు దాకా దిగింది. నా వెనకున్న బ్రహ్మచారికి లైనులోనే పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టారు.

అంతటితో ఊరుకుందా? ఫారంలో తప్పుందని తండ్రిని పక్క బల్ల దగ్గరికి పంపి, పాపతో కబుర్లు పెట్టుకుంది.

"మీ అమ్మ నీకు ఏం నేర్పింది, పాపా?"

పాప ఒకటి, రెండు అనకుండా ఏవేవో అంకెలు గడగడా అప్పజెప్పింది. పిల్లకు లెక్కలు రావు, ఈవిడకు పని రాదు అని ఎవరో అంటే లైనంతా నవ్వింది.

నత్తమ్మ అరచేతిలో పెన్నుతో ఏదో గీసుకుని, మంచినీళ్ళు తాగొస్తానని లేచిపోయింది.

ఓపిక అన్నానా? ఎక్కడి ఓపిక! లైనులోంచి మొదట బయటపడింది నేనే. పై అధికారిని లాక్కొచ్చింది నేనే. కన్నతండ్రిని ఇలా ఏడిపిస్తారా అని నేను దంచిన ఉపన్యాసానికి చప్పట్లు కూడా కొట్టారు.

నీళ్ళు తాగి వచ్చిన నత్తమ్మను పై అధికారి నిలదీశాడు.

"వీళ్ళను ఆపమని కాగితం ఏదైనా ఉందా?"

"ఇంకో పావుగంట ఆగండి సార్."

"ఉందా, లేదా?"

"లేదు సార్."

ఆవిడను లేపి పంపేసి, తనే కూర్చుని ముద్ర వేశాడు. తండ్రి నాకు చేతులు జోడించాడు. పాప టాటా చెప్పింది. ఇద్దరూ వంతెన ఎక్కారు.

నా వంతు వచ్చేసరికి ఒకామె రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. చేతిలో కోర్టు కాగితం. పాపను దేశం దాటించకూడదని అందులో ఉంది.

వంతెన అవతల ఎర్ర టోపీ కనిపించింది. "చిట్టితల్లీ" అని ఆమె కేక పెట్టింది. టోపీ ఒక్కసారి ఇటు తిరిగి, బస్సెక్కింది.

పై అధికారి కాగితం చదివి తల దించుకున్నాడు. ఎత్తుకొచ్చిన పిల్లల్ని తిప్పి పంపే ఒప్పందంలో అవతలి దేశం చేరలేదట. మన కోర్టు కాగితం అక్కడ పొట్లం కట్టుకోవడానికి పనికొస్తుందట. అలా వెళ్ళినవాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చారని ఆమె అడిగింది. తన సర్వీసులో ఒక్కరినీ చూడలేదన్నాడు.

ఆమె కిటికీలన్నీ వెతుక్కుంది.

"నాకు ఫోన్ చేసిన మేడమ్ ఎవరండీ? సంతకం కోసం కోర్టులో కూర్చునుంటే చేశారు. పాప నంబరు చెప్పిందట. ఆపే హక్కు నాకు లేదమ్మా, చేతనైనంత నెమ్మదిగా పని చేస్తాను, పరుగెత్తుకు రా అన్నారు."

నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

గడ్డం సంగతి మీరెలాగూ నమ్మి ఉండరు, దాన్ని వదిలేయండి. మీరు నమ్మాలని నేను కల్పించింది ఒక్కటే, ఆ ఎర్ర టోపీ ఇటు తిరగడం.

ఆ తల్లి వచ్చేసరికి వంతెన అవతల ఎవరూ లేరు.