అప్పగింతల ప్లేలిస్టు

హంసిని పెళ్ళికి ప్లేలిస్టు వాళ్ళమ్మ వకుళే కూర్చింది. చివర్లో పెట్టింది అప్పగింతల పాట, చనిపోయిన తన తల్లి గొంతులోది.

పాట మొదలవగానే ఆడవాళ్ళ కళ్ళు చెమర్చాయి. మండపంలోని పాటల సర్వీసు అది పసిగట్టింది. "మీరు బాధపడుతున్నారు, పాట మారుస్తున్నాను" అంటూ డప్పుల పాట అందుకుంది. ఈ రోజుల్లో ఎక్కడైనా అంతే, ఏడిపించే పాటను సాగనివ్వదు. వకుళ మళ్ళీ పెట్టింది. అది మళ్ళీ మార్చింది.

"పోనీలేమ్మా," అంది హంసిని.

"పోనివ్వను. ఆ పాట పూర్తయ్యాకే నువ్వు కారెక్కేది."

వకుళ వంటశాలకెళ్ళి ఉల్లిపాయల బుట్ట, కత్తిపీటలు తెచ్చి అక్కచెల్లెళ్ళ ముందు పెట్టింది. పట్టుచీరల్లోనే అందరూ తరగడానికి కూర్చున్నారు. పాట మళ్ళీ మొదలైంది. కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి.

గోడ మీది తెరపై "కారణం: ఉల్లిపాయలు" అని పడింది. పాట సాగింది.

అంతలో పెళ్ళికొడుకు తల్లి కొంగు దోపుకుంటూ వచ్చి వకుళ పక్కన కూర్చుంది.

"నాకూ ఓ కత్తిపీట ఇవ్వండి వదినగారూ. మా అమ్మాయిని పంపేటప్పుడు పాట సగంలోనే మారిపోయింది."