తీసెయ్యండి

"గువ్వా, ఇటు చూడు! బ్యాడ్జీ కనపడటం లేదు, కాస్త పక్కకు తిరుగు!"

బడి గేటు ముందు కళ్లజోళ్ల షాపాయన మోకాలి మీద కూర్చుని ఫోన్ పట్టుకున్నాడు. కూతురు ఒకటో తరగతిలో చేరిన మొదటి రోజు మరి! వెనకాల బడి పేరు, గుండెల మీద బ్యాడ్జీ, మధ్యలో మూతి ముడుచుకున్న పిల్ల.

గంట కొట్టకముందే ఫోటో లోకమంతా తిరిగొచ్చింది. కింద "మా గువ్వ బడికెళ్తోందోచ్!" అని కూడా రాశాడు.

పిల్లను బడికి తయారు చేయడమంటే ఆయన లెక్కలో అదే. మిగతాదంతా అత్తగారు చూసుకుంది.

సెలవుల్లోనే వచ్చి దిగింది ఆవిడ. టిఫిన్ డబ్బా మూత తీసుకోవడం, బూట్ల లేసు కట్టుకోవడం, బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే సిగ్గుపడకుండా టీచర్ని అడగడం, తిరిగొచ్చేటప్పుడు చేతులు కడుక్కోవడం, అన్నీ మనవరాలికి ఆటల్లో పెట్టి నేర్పేసింది.

అల్లుడితో మాత్రం ఎదురుపడి మాట్లాడదు. అదో మొహమాటం. ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచి గోడకు చెబుతుంది.

"వాన వచ్చేలా ఉంది, గొడుగు పట్టుకెళ్లమనండి."

గోడను కూడా "అండీ" అనేంత మర్యాద ఆవిడది.

సాయంత్రానికి ఫోటోకు బోలెడు లైకులు. వాటి కింద ఒక మాట.

"దయచేసి ఫోటో తీసెయ్యండి."

రాసినవారి పేరు 'శ్రేయోభిలాషి'. మొహం ఉండాల్సిన చోట ఒక పువ్వు బొమ్మ.

ఆయన పొంగిపోయాడు. ఆస్పత్రిలో నర్సు డ్యూటీకి బయల్దేరుతున్న భార్యను గుమ్మంలోనే ఆపేశాడు.

"చూశావా? ఒక్కటి పెడితే జనానికి ఆనట్లేదు. ఇంకోటి తీసెయ్యమంటున్నారు!"

"ఎవరాయన?"

"ఎవరో రిటైరైన పెద్దమనిషిలా ఉన్నాడు. నా అభిమాని."

"మీకు అభిమానులు కూడానా!" అని నవ్వుకుంటూ ఆవిడ బస్సు కోసం పరుగెత్తింది.

మర్నాడు గువ్వ బడి వ్యాను ఎక్కుతున్న ఫోటో పెట్టాడు, వ్యాను నంబరుతో సహా.

"వెంటనే తీసెయ్యండి" అన్నాడు శ్రేయోభిలాషి.

వెంటనే తీశాడు. టీకా వేయించుకుని దూదితో భుజం పట్టుకున్న ఫోటో. ఆ తర్వాత ముందు పన్ను ఊడిన ఫోటో.

"ఆలస్యం చెయ్యకండి, తీసెయ్యండి!"

"పాపం, పెద్దాయన ఆగలేకపోతున్నాడు" అని మురిసిపోయాడు కళ్లజోళ్లాయన.

ఓ మధ్యాహ్నం అత్తగారు తన ఊరు బయల్దేరింది. అల్లుడు షాపులో ఉన్నాడు కాబట్టి, వెళ్లొస్తానన్న సంగతి కూడా గోడకే చెప్పి ఉంటుంది.

ఆ సాయంత్రమే బడి నుంచి ఫోన్.

"ఒకసారి రండి సార్. పాప బాగానే ఉంది."

బాగానే ఉంది అన్న మాటే ఆయన్ని కంగారు పెట్టింది. షాపు తలుపులు బార్లా వదిలేసి పరుగెత్తాడు.

"ఇందాక బడి వదిలేటప్పుడు గేటు దగ్గరికి ఒకతను వచ్చాడండీ" అంది టీచరు. "'గువ్వా, పన్ను ఊడిందటగా! నేను మీ నాన్న ఫ్రెండ్‌ని. మీ వ్యాను పాడైంది, నా బండెక్కు' అన్నాడట. 'అయితే మా ఇంటి మాట చెప్పండి' అంది మీ పాప. అతను నీళ్లు నమిలాడు. ఇది ఒక్క పరుగున నా దగ్గరికొచ్చేసింది. వాచ్‌మన్ వెళ్లేలోపు పారిపోయాడు. పోలీసులకు చెప్పాం."

ఆయన కూతుర్ని గట్టిగా హత్తుకున్నాడు. ఆ పిల్లకు ఊపిరాడటం లేదు గానీ, హుషారుకేం లోటు లేదు.

"ఇంటి మాటేంటమ్మా?"

"రహస్యం! అమ్మమ్మ నేర్పింది. అది చెప్పినవాళ్లతోనే వెళ్లాలి. అమ్మకీ తెలుసు."

"మరి నాకు చెప్పవా?"

"ఊహూఁ. నువ్వు ఫోన్లో పెట్టేస్తావ్."

టీచరు నవ్వాపుకుంది. "సార్, ముందు ఆ ఫోటోలు తీసెయ్యండి."

అంత కంగారులోనూ ఆయన చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. ఫోన్ తీసి, కూతుర్ని వెలుతురు వైపు తిప్పి, "ఇక్కడేనా అండీ?" అన్నాడు.

"తియ్యడం కాదు సార్, తీసెయ్యడం! అందులోంచి తీసి పారెయ్యడం!"

అప్పటికి గాని ఆయనకు వెలగలేదు.

అక్కడే వరండాలో పిల్లల బెంచీ మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఒక్కో ఫోటో తీసేస్తూ వచ్చాడు. ప్రతి దాని కిందా శ్రేయోభిలాషి ఒకటే మాట బతిమాలుతూ కనిపించాడు. ఆయనకు ఏడుపొచ్చింది, తన తెలివికి నవ్వూ వచ్చింది.

ముక్కు తుడుచుకుని ఆ పెద్దమనిషికి రాశాడు.

"అయ్యా, మీరెవరో నాకు తెలీదు. మీ మాట అర్థం చేసుకోలేని మొద్దుని. మా పాప క్షేమంగా ఉంది. ఫోటోలన్నీ తీసేశాను. ఒక్కసారి మా ఇంటికి రండి, మీ కాళ్లకు దణ్ణం పెట్టుకోవాలి."

పాపను చంకనెత్తుకుని ఇంటికి చేరేదాకా జవాబు లేదు. తాళం తీసి లోపల అడుగు పెట్టాడో లేదో, ఫోన్ టింగుమంది. శ్రేయోభిలాషి జవాబు.

"సంతోషం. ఫ్లాస్కులో కాఫీ పోసి వచ్చాను, చల్లారకముందే తాగమనండి."