మాస్టారి కుడికాలు

"ఆ కాలు ఇంట్లో పెట్టి రండి మావయ్యా," అంది కోడలు, కారు తాళాలు బల్లమీద విసిరేసి.

డ్రైవింగు మాస్టారు తన కుడికాలి వంక చూసుకున్నాడు. మూడుసార్లు లైసెన్సు పరీక్షకెళ్ళింది ఆ పిల్ల. మూడుసార్లూ ఆ కాలే ఫెయిల్ చేయించింది.

ఎలాగంటారా? నేర్పించే కారుకి బ్రేకులు రెండుంటాయి. ఒకటి నడిపేవాళ్ళ కాలికింద, ఇంకోటి పక్కన కూర్చున్న మాస్టారి కాలికింద. పరీక్ష పెట్టే బ్రేకు ఇన్‌స్పెక్టరు వెనకసీట్లో కూర్చుంటాడు. మాస్టారు ముందు కూర్చుని తీరాలి, అది రూలు. కూర్చుని తన బ్రేకు ఒక్కసారి ముట్టుకున్నాడో, ఇక పరీక్ష గోవిందా. పోనీ ఇంకో మాస్టారిని పిలుద్దామా అంటే, ఆ ఊరు మొత్తానికి రెండు బ్రేకుల కారు ఒక్కటే, దాని పక్కసీటులో ముప్ఫై ఏళ్ళుగా ఈయన ఒక్కడే.

"మొదటిసారి స్కూటరు అడ్డొచ్చింది, సరే అనుకున్నా. రెండోసారి గాలికెగిరొచ్చిన ప్లాస్టిక్ కవరు. పోయినసారి ఏం అడ్డొచ్చిందని తొక్కారు?"

"నీడ," అన్నాడు మాస్టారు నీళ్ళు నములుతూ.

"ఎవరి నీడ?"

"మన కారుదే."

వంటింట్లోంచి అత్తగారు కిసుక్కున నవ్వింది. "నీకు పరీక్ష రోజునే తల్లీ, నాకు రోజూనే. టీవీలో లారీ ఎదురొచ్చిందా, బల్ల కింద నా పాదం నలిగినట్టే."

"నవ్వకండి అత్తయ్యా. ఇవాళ సాయంత్రంలోగా లైసెన్సు చూపించకపోతే స్కూలు వ్యాను ఉద్యోగం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. ఇక ఆ గోనెసంచుల ఫ్యాక్టరీలోనే దుమ్ము మింగుతూ..." మాట పూర్తి కాకుండానే దగ్గు తెర అందుకుంది. అది తగ్గాక, కళ్ళు తుడుచుకుని, "డాక్టరు ఏమన్నాడో మీరూ విన్నారు. ఇంకో ఏడాది అక్కడే ఉంటే నా ఊపిరితిత్తులు ఇక బాగుపడవన్నాడు," అంది.

"నేనేం కావాలని తొక్కుతున్నానా అమ్మా! తొక్కుదామా అని నేను అనుకునేలోపే అది తొక్కేస్తుంది. నాకు తెలిసేసరికి కారు ఆగిపోయి ఉంటుంది."

"అంటే ఆ కాలికి నా మీద నమ్మకం లేదు."

"దానికెవరి మీదా లేదమ్మా."

లైసెన్సు ఆఫీసు ముందు మాస్టారు చెప్పులు విప్పి డిక్కీలో పడేశాడు. ముందుసీట్లో ఎక్కి, బాసింపట్టు వేసుకుని కూర్చుని, పైనుంచి బెల్టు బిగించాడు.

ఇన్‌స్పెక్టరు వెనకనుంచి తొంగిచూశాడు. "ఏంటి మాస్టారూ, భోజనానికి కూర్చున్నారా?"

"లేద్సార్. కాలికి శిక్ష."

"బ్రేకు జోలికి పోనంతవరకూ మీరు ఎలా కూర్చున్నా నాకు పర్లేదు. పోనీయమ్మా."

పోనిచ్చింది. అబ్బ, ఏం నడిపిందని! గేర్లు వెన్నలో వేలు దిగినట్టు దిగుతున్నాయి. ఎత్తు మీద ఆపమంటే ఆపి, వెనక్కి జారకుండా ఎక్కించింది. సందులోకి రివర్సు తియ్యమంటే గోడకి గీత పడకుండా తీసింది.

కాలు ఊరుకుంటేనా! సైకిలు ఎదురైతే ఉలిక్కిపడుతోంది. ముందు పోయే వ్యాను కాస్త వంకర తిరిగితే బొటనవేలు కొంకర్లు పోతోంది. మాస్టారు దాన్ని తొడ కిందకి తోసి, మోకాలిని రెండుచేతులా అదిమి పట్టుకున్నాడు. తుంటి దగ్గర్నుంచి పిక్క దాకా తిమ్మిరెక్కింది. ఎక్కితే ఎక్కనీ అనుకున్నాడు. నుదుటిమీది చెమట జారి ముక్కు చివర వేలాడుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి వదలాలి, వదిలితే కాలు లేస్తుంది. అలాగే వేలాడనిచ్చాడు.

ఇంకో వంద గజాలు. ఆఫీసు గేటు కనబడుతోంది.

అప్పుడు, ఆగి ఉన్న లారీ చాటునుంచి ఒక కుక్క రోడ్డుమీదకి దూకింది.

మాస్టారి కాలు ఎగిరింది. ఎగిరి ఎక్కడికి పోతుంది? మడతలో ఇరుక్కుని గిలగిల్లాడింది. ఆయన చేతిలో ఏమీ లేదు, కాలి కిందా ఏమీ లేదు. కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు. టైర్లు కీచుమన్నాయి. ముందుకి తూలబోయి, దేనికో ఆని ఆగాడు.

కళ్ళు తెరిచేసరికి, బంపరుకి జానెడు దూరంలో నిలబడి ఉంది కుక్క. వాళ్ళని ఒకసారి ఎగాదిగా చూసి, తోకూపుకుంటూ తన దారిన తను పోయింది.

"ఆపింది! సార్, పిల్లే ఆపింది! నేను కాదు. చూడండి, నా కాళ్ళు రెండూ సీటుమీదే ఉన్నాయి!" మాస్టారికి నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలీలేదు.

"చూశాను మాస్టారూ. మీ కాలు బుద్ధిగానే ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు, కాగితం మీద ఏదో గీకుతూ. గీకి, తలెత్తి, "కానీ ఫెయిల్," అన్నాడు.

కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. చటుక్కున మావయ్య వైపు తిరిగింది. "మళ్ళీ ఏం చేశారు?"

"నీ తోడమ్మా, నేనేం చెయ్యలేదు!"

"మరెవరు చేశారు సార్?"

"నువ్వేనమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా, పెన్ను జేబులో పెట్టుకుంటూ. "బ్రేకు కొట్టేటప్పుడు రెండు చేతులూ స్టీరింగు మీదుండాలి. ఒకటి ఇంకా మీ మావయ్య గుండెల మీదే ఉంది చూడు."