పేరెత్తని వేట

"పెట్టె తెరువమ్మా."

కవారి మెడలో వేలాడుతున్న తాళంచెవితో పొడవాటి పెట్టె తెరిచింది. ఏభై దాటిన మనిషి. నేల ఊడ్చే నల్లగౌను, తలమీద ఆవుకొమ్ముల్లా రెండు పక్కలకీ సాగిన నల్లటోపీ. పెట్టెలో స్పాంజి మధ్య, జోల పాడించుకున్న పసిబిడ్డలా వేట తుపాకీ.

నమీబియా రాజధాని విండ్‌హుక్‌లోని ఆ చిన్న విమానాశ్రయంలో తుపాకుల తనిఖీ సార్జెంట్ గురుసేబ్‌ది. గొట్టంలోకి తొంగి చూశాడు. ఖాళీ. బోల్టుని ఆమె ముందే ఊడదీసి, గుడ్డలో చుట్టి పెట్టెలోనే ఓ పక్కన పెట్టింది. అది లేకపోతే ఎంతటి తుపాకీ అయినా పొయ్యిలో కట్టె కిందే లెక్క. తూటాలు వేరే డబ్బాలో, దానికీ తాళం.

"బాగా సర్దావమ్మా. మగాళ్ళు కూడా ఇంత శుభ్రంగా సర్దరు."

"మగాళ్ళకి కాల్చే తొందర నాయనా. సర్దే ఓపికెక్కడిది? ఈ కొమ్ముల టోపీ కూడా తనిఖీ చేస్తావా?"

గురుసేబ్ నవ్వాడు. "దానికి లైసెన్సు అక్కర్లేదులే. ఏం వేటకి?"

"బయల్దేరే ముందు పేరెత్తకూడదు. పేరెత్తితే వేట ఫలించదు." ఆమె చూపు అతని చొక్కామీది పేరు మీద ఆగింది. "గురుసేబ్... సెస్‌ఫాంటైన్ ఊరి అవతలి ఎలియాస్ గురుసేబ్ నీకేమవుతాడు?"

"మా నాన్న. నీకు తెలుసా?"

"విన్నాను. రేపు చూస్తాను."

వయసులో పెద్దవాళ్ళు ఇంట్లోవాళ్ళ క్షేమం అడిగితే తడుముకోకుండా చెప్పడం వాళ్ళ పక్క మర్యాద. నోరు కట్టుకున్నవాణ్ణి పెంపకం లేనివాడంటారు. అందుకే ఆమె అడుగుతూ పోయింది, అతను చెబుతూ పోయాడు.

"ఒక్కడే ఉంటాడా?"

"అమ్మ పోయాక ఒక్కడే."

"ఇప్పటికీ ఆరుబయటే పడుకుంటాడా?"

"గోడల మధ్య ఊపిరాడదంటాడు. మేకల దొడ్డి పక్కనే మంచం."

"దొడ్డి తలుపు ఎటు వైపు?"

"ఏటి వైపు."

"కుక్కలు?"

"ఒక ముసలిదుండేది. ఈమధ్యే కనబడకుండా పోయిందట."

"అయితే అరిచేవాళ్ళు లేరన్నమాట," అని ఆమె తల పంకించింది.

అప్పుడు తగిలింది గురుసేబ్‌కి. ఏటి వైపు తలుపుతో ఈమెకేం పని? లైసెన్సు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. సొంత ఊరు: ఒకాకరారా.

నాన్న లారీ తోలే రోజుల్లో, ఒకాకరారా దారిలో ఓ కుర్రాడు చక్రాల కింద పడి చచ్చిపోయాడు. పెద్దలు కూర్చుని ప్రాణానికి బదులు ఆవులివ్వాలని తీర్పు చెప్పారు. నాన్న తోలించిన ఆవుల్ని ఆ కుర్రాడి తల్లి వాకిట్లోంచే తిరగ్గొట్టింది. "వీటిల్లో ఏది నన్ను అమ్మా అని పిలుస్తుంది? వాడి దగ్గరికి ఎప్పుడో ఒకప్పుడు నేనే వస్తానని చెప్పండి," అందట. ఆ తల్లి మొహం గురుసేబ్ ఎన్నడూ చూడలేదు.

"మా నాన్నతో నీకేం పనమ్మా?" లైసెన్సు తిరిగివ్వకుండానే అడిగాడు.

"అది మీ నాన్న చెప్పాలి. నేను చెప్పేది కాదు."

పక్కకెళ్ళి నాన్నకి ఫోన్ చేశాడు. మోగలేదు. ఆ ఊళ్ళో కొండెక్కితే గాని ఫోన్ పలకదు. ఆమెను ఆపుదామా అంటే కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి. ఉత్త అనుమానంతో ఒక వేటగాణ్ణి ఆపినందుకు మొన్ననే పై అధికారి గడ్డి పెట్టాడు. ఆపకపోతే? ఆరుబయట మంచం, ఏటి వైపు తలుపు, అరవడానికి కుక్కయినా లేదు. అన్నీ తనే విప్పి చెప్పాడు.

"అమ్మా, తూటాల డబ్బా ఆ కౌంటర్లో తూకం వేయించు. ఎక్కువుంటే ఎక్కనివ్వరు."

ఆమె అటు తిరగ్గానే గుడ్డలోంచి బోల్టు లాగి కోటు లోపలి జేబులోకి తోశాడు. ఖాళీ గుడ్డని మళ్ళీ అలాగే చుట్టి పెట్టి మూత దించాడు. పట్టుబడితే ఉద్యోగం పోతుంది. పోనీ, నాన్న బతుకుతాడు.

కవారి తిరిగొచ్చి, మూత ఎత్తకుండానే తాళం వేసింది. "పోలీసోడి చెయ్యి పడ్డాక మళ్ళీ చూసేదేముంది! మీ నాన్నకేమైనా చెప్పమంటావా?"

"జాగ్రత్తగా ఉండమను."

"అందుకేగా వెళ్తున్నాను," అంటూ గౌను కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని విమానం వైపు నడిచింది.

విమానం చుక్కలా మారి మాయమయ్యాక గాని గురుసేబ్ ఊపిరి వదల్లేదు. ఆ పక్కకి మళ్ళీ విమానం వచ్చే వారమే. జేబులో బోల్టు గుండెకి ఒత్తుకుంటోంది. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ఒరే, కొండెక్కి మాట్లాడుతున్నా," నాన్న ఆయాసపడుతున్నాడు. "తుపాకీతో ఒకావిడ బయల్దేరాలి. వచ్చిందా అక్కడికి?"

"నాన్నా! ఇల్లొదిలి ఎటైనా పో. ఆమె నీకోసమే వస్తోంది!"

"నాకోసమే. నేనే రమ్మని కబురంపాను."

"ఆవుల్ని తిరగ్గొట్టిన మనిషినా? నీకు మతి పోయిందా?"

"ఆ తల్లి పోయి ఎన్నాళ్ళయిందో! ఈవిడ వేరు. అంత గురి ఇటు పక్క ఎవరికీ లేదు. తుపాకీ విమానం ఎక్కించావు కదూ?"

గురుసేబ్ చెయ్యి జేబు మీదకి పోయింది. "అసలు ఎందుకు పిలిచావు?"

"పేరెత్తొద్దని ఒట్టు వేయించుకుంది. కన్నకొడుకు దగ్గర దాపరికమేముందిలే." ముసలాయన గొంతు తగ్గించాడు.

"సింహం మనిషిని మరిగిందిరా."