ఎడమకి జానెడు

మెకానిక్ నేలమీద సుద్దతో గీసిన గీత ఒకచోట ఉంది, కారులో వెనక కెమెరా తెరమీద పచ్చగీత ఇంకోచోట ఉంది. మధ్యలో జానెడు తేడా. ఎడమకి.

“మళ్లీనా?” అన్నాడు స్టీరింగ్ ముందు కూర్చున్న కారు యజమాని.

కారు సర్వీసుకి వచ్చిన ప్రతిసారీ ఇదే వరస, ఇది మూడోసారి. ఈ గీతల్ని నమ్ముకుని రెండుసార్లు కారుని గేటు స్తంభానికి రాసేశానని, యంత్రాల బతుకే ఇంతని గట్టిగానే విసుక్కున్నాడు. ఫోన్ మోగడంతో వీధిలోకి వెళ్లాడు.

మెకానిక్ కారు వెనక్కి వెళ్లి, నంబరు ప్లేటు పైనున్న కెమెరాని వంగి చూశాడు. దాన్ని పట్టి ఉంచే రెండు మరమేకుల మీదా కొత్త గాట్లు. కుదుపులకి వదులైనవి కావు. ఎవరో పనిగట్టుకుని తిప్పినవి.

పక్కన బెంచీమీద కారు యజమాని తండ్రి కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు డిపోలో ఆయన పని ఒక్కటే. వెనక్కి వచ్చే బస్సుని వరసలో నిలబెట్టడం. వాన తెల్లవారుల్లో, డీజిల్ పొగలో, బస్సుకీ బస్సుకీ మధ్య బెత్తెడు సందు. డ్రైవర్లు అద్దం చూసేవాళ్లు కాదట. ఈయన రేకుమీద రెండు దెబ్బలు వేస్తే ఆగేవాళ్లట. సెలవు రోజుల్లో కొడుకు డిపో మెట్లమీద కూర్చుని, తనూ మోకాలి మీద రెండు దెబ్బలు వేసుకునేవాడట. కారు కొన్నాక ఇంటి దగ్గరా ఆయనకి అదే పని దొరికింది.

“ఈ కెమెరా పెట్టించాక రెండు నెలలు నన్నెవరూ బయటికి పిలవలేదు. భోజనం కూడా గదిలోకే తెప్పించుకున్నాను. దీని గీతలు తప్పాకే మళ్లీ గేటు దగ్గరికొచ్చాను,” అన్నాడు పెద్దాయన.

మెకానిక్‌కి విషయం అర్థమైంది. గమ్ము ట్యూబు తీశాడు. ఇది పూస్తే మరల్ని ఇక ఎవరూ కదపలేరని, ఆయన కళ్లలోకే చూస్తూ చెప్పాడు. పెద్దాయన ముఖం వాడిపోయింది.

“పూయకు నాయనా. గీతలు తప్పితే ఏం, నేనున్నానుగా.”

ట్యూబు జేబులోకి వెళ్లిపోయింది. కొడుకు తిరిగి రాగానే మెకానిక్ తడుముకోకుండా అబద్ధమాడాడు. సరిచేశాను గాని ఆ బిగింపు నిలబడదు, గీతల్ని నమ్మొద్దన్నాడు. కొడుకు నిట్టూర్చి, అయితే ఇక నాన్నే దిక్కన్నాడు.

పెద్దాయన లేచి, చొక్కా సర్దుకుని కారు వెనక నిలబడ్డాడు. వంగిన నడుము నిటారైంది.

“రా... రా... కుడికి తిప్పు... రా.”

షెడ్డు స్తంభాల మధ్యనుంచి కారు ఎక్కడా తగలకుండా వీధిలోకి వచ్చింది. డిక్కీ మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఆగింది.

మెకానిక్ ఆయన పక్కకి వెళ్లి గొంతు తగ్గించాడు. “బాబాయ్, ఈసారి కెమెరా వంచేటప్పుడు సరైన స్క్రూడ్రైవర్ వాడండి. మర తల అరిగిపోతోంది.”

పెద్దాయన కారు తలుపు మీద చెయ్యివేసి ఆగాడు.

“దాన్ని వంచేది మావాడు నాయనా, నాకు తెలుసని మాత్రం వాడితో అనకు.”