వేరే చోట పెట్టిన నమూనాలు

నా చపాతీ పీట మీద దబ్బున ఓ నీలం డబ్బా పడింది.

ఆ చప్పుడికి ఎదురు వీధిలో మోటారుసైకిల్ టాక్సీలవాళ్ళు ఉరిమిందనుకుని గొడుగులు విప్పారు. ఒట్టు.

"ఫ్రిజ్ ప్రోగ్రాం చేసేవాళ్ళు ఈ మేడలోనేనా?"

అడిగినావిడ నర్సు. తెల్ల బట్టలు, వాటి మీద ఉత్తరాది ఎర్రదుమ్ము. పేరు లామ్వాకా అంది. చీకటుండగా బస్సెక్కి కంపాలా వచ్చిందట.

"నాలుగో అంతస్తు నర్సమ్మా. కరెంటు లేదు, లిఫ్టు కదలదు. ఉండు, నేను పిలుస్తా."

పిలిచా. నేను నాలుగో అంతస్తుకి కేకేస్తే కంపాలా అవతల సరస్సులో చేపలు కూడా వెనక్కి తిరిగి చూస్తాయి.

ఇద్దరు దిగారు. ముందు లుటాయా, ఆ ప్రోగ్రాంకి పెద్దదిక్కు. వెనక అచెంగ్, దాన్నెలా వాడాలో కొత్తవాళ్ళు చూసి దించుకోడానికి నమూనా కోడ్ రాసే పిల్ల.

ఆ కంప్యూటర్ ప్రోగ్రాం ఒకళ్ళది కాదు, అందరిదీ. ఎవడైనా ఉట్టినే తీసుకోవచ్చు, ఎవడైనా బాగుచెయ్యొచ్చు. టీకా మందుల ఫ్రిజ్ వేడెక్కితే గంట కొడుతుంది. నా బండి దగ్గర గుడ్డు చపాతీలు తింటూ వాళ్ళు రోజూ వాదించుకుంటారు కదా, విని విని నాకూ అబ్బింది.

నర్సమ్మ డబ్బా మూత తీసింది.

నిండా చిట్టి చిట్టి సీసాలు.

"రెండొందల పన్నెండు. అన్నీ పాడైపోయాయి. రెండు రోజులు ఫ్రిజ్ వేడిగా ఉంది. మీ గంట మోగలేదు."

లుటాయా ఓ సీసా ఎత్తి చూశాడు. "ఏది చూసి గంట పెట్టుకున్నారమ్మా?"

"మీ నమూనా చూసే."

నోటు పుస్తకం తీసింది. పెన్నుతో దించుకుంది, చుక్కలతో సహా.

లుటాయా చూశాడు. "ఇది పాతదమ్మా. కోడ్‌లో గంట కొట్టించే మాట కిందటేడే మార్చాం."

"పాత మాట రాస్తే మీ ప్రోగ్రాం కాదనలేదే?"

"కాదనదు. ఊరికే ఉంటుంది."

"ఊరికే ఉంటుంది," అంది ఆవిడ, సీసాల కేసి చూస్తూ.

అచెంగ్ మొహం నా పెనం కంటే కాలిపోతోంది. ఆ పిల్ల నుదుటి మీద గుడ్డు కొట్టుంటే అట్టయ్యేది.

"చెప్పు లుటాయా. నమూనాలు ఎక్కడ పెట్టావో ఆవిడకి చెప్పు."

"ఇప్పుడు కాదు అచెంగ్."

"ఇప్పుడే!"

"అసలు కోడ్ శుభ్రంగా ఉండాలని నమూనాలు తీసి వేరే చోట పెట్టామమ్మా. పాతబడి ఉండొచ్చని అక్కడ ముందు పేజీలో రాశాం కూడా."

"నేను ఫోన్లో వెతికితే తిన్నగా నమూనా దగ్గరే దించింది. ముందు పేజీ నాకెవరు చూపించారు?"

"శుభ్రమట, శుభ్రం!" అచెంగ్ నా పీట మీద చరిచింది. "నీ ఇల్లు శుభ్రంగా ఉండాలని చెత్తంతా ఈవిడ వాకిట్లో పోశావు! ఇదే బండి దగ్గర మొత్తుకున్నానా లేదా? రెండిటినీ ఒకే ఇంట్లో ఉంచండి, కోడ్ మార్చినప్పుడల్లా నమూనాలు కూడా నడిపి చూడండి, ఒక్కటి ఆగినా కొత్తది బయటికి వదలొద్దు అని?"

నాకు గుర్తుంది. ఆరుగురు చేతులెత్తి వేరే చోటే అన్నారు. ఈ పిల్ల ఒక్కతే ఎత్తలేదు. ఆ వేళ వీళ్ళు తిన్న గుడ్లు పెట్టలేక కంపాలా కోళ్ళు సమ్మె కట్టాయి.

"బాబాయ్, నువ్వు చెప్పు. అప్పుడేమన్నాడు?"

నేను లుటాయా మొహం చూడకుండా చెప్పా. "ఊరికే చూపించడానికి పెట్టేవాటికి ఇంత గొడవెందుకన్నాడు."

నర్సమ్మ అతని వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది.

"బాబూ, నీ అసలు కోడ్ చదవడం నాకు రాదు. మా దగ్గర ఎవరికీ రాదు. మాకు అర్థమయ్యేది ఆ నమూనా ఒక్కటే. మాకు మీ ప్రోగ్రాం అంటే అదే."

పెనం మీద చపాతీ మాడింది. ముప్పై ఏళ్ళలో నేను మాడ్చిన మొదటి చపాతీ, కావాలంటే ఎవర్నైనా అడగండి.

"గురువారం తల్లులు పిల్లల్నెత్తుకుని నడిచొస్తారు," అందావిడ. "గంట మోగుతుందని రుజువు చూపిస్తేనే మళ్ళీ మందు ఇస్తామన్నారు పై ఆఫీసువాళ్ళు. మోగాకే నేను కదిలేది."

లుటాయా నా బెంచీ మీద కూలబడి ల్యాప్‌టాప్ తెరిచాడు. వేరే చోట ఉన్న నమూనాలన్నీ అసలు కోడ్ పక్కకి లాక్కొచ్చాడు. ఒక్కోటీ నడిపాడు.

అచెంగ్ పైకే చెప్పింది. "ఆగింది. ఆగింది. నడిచింది. ఆగింది."

ముప్పై ఒకటిలో పంతొమ్మిది ఆగాయి.

నర్సమ్మ వాడిన నమూనా సరిచేశారు. ఆవిడ మళ్ళీ పెన్ను తీసి దించుకుంది. సంచీలోంచి ఫ్రిజ్‌కి పెట్టే అగ్గిపెట్టంత యంత్రం తీసి ల్యాప్‌టాప్‌కి తగిలించి, దించుకున్నది అందులోకి ఎక్కించింది. వేడి కొలిచే తీగ చివర నా పెనం దగ్గర పెట్టింది.

గంట మోగింది.

చాలాసేపు తీగ తియ్యలేదావిడ. మోగనిచ్చింది.

"మళ్ళీ మీరు మాట మారిస్తే?"

"ఇక ఇది పక్కనే ఉంటుందమ్మా," అన్నాడు లుటాయా. "ఇది ఆగితే మేమూ ఆగుతాం."

ఆవిడ యంత్రం ఊడదీసింది. పుస్తకం సంచీలో పెట్టుకుంది. నేను కట్టిచ్చిన చపాతీ తీసుకుంది. నీలం డబ్బా మాత్రం లుటాయా ముందుకి తోసింది.

"దీన్ని... ఎక్కడ పెట్టమంటారమ్మా?"

"వేరే చోట మాత్రం పెట్టకు."

బస్సులు ఆగే వైపు వెళ్ళిపోయింది.

అప్పుడే కరెంటొచ్చింది. లిఫ్టు కిందికి దిగి తలుపు తీసుకుని నించుంది.

లుటాయా డబ్బా రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కాడు.