అనాపొలిస్ కబుర్లు

"ఇప్పుడా అనాపొలిస్‌లో వానలా, ఎండలా?" అని అడిగాడు లక్ష్మీనారాయణ ఫోన్లో.

సుగుణ రిసీవరు మీద చెయ్యి పెట్టి, వంటింట్లో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్న మార్లీ వైపు తిరిగింది. "మార్లీ, యువర్ ఊరు, రెయిన్?"

"నో రెయిన్, దోనా సుగుణ. డస్ట్. రెడ్ డస్ట్." పెద్దావిడ కనపడితే దోనా అనడం వాళ్ళ బ్రెజిల్ దేశపు మర్యాదట.

"వానల్లేవండీ. ఎర్రదుమ్మట. తెల్లచొక్కా వేసుకుంటే సాయంత్రానికి ఇటుకరంగే."

"పాపం, చక్రికి దుమ్ము పడదే," అన్నాడాయన తెనాలి నుంచి.

ఇదీ వాళ్ళ శుక్రవారం కబురు. ఇక్కడ ఐర్లండులో నాలుగు దాటితే అక్కడ తెనాలిలో రాత్రి ఎనిమిదిన్నర. ఆయన గోపూజ ముగించి, ఆవులకి మేత వేయించి, గోశాల ఆఫీసులో ఫోను పక్కన కూర్చుంటాడు. రెండేళ్ళ క్రితం గుండెకి ఆపరేషనయింది. ఏ కంగారూ పెట్టొద్దమ్మా అని డాక్టరు సుగుణకి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆయనకేమో కొడుకు చక్రధర్ గురించి తప్ప వేరే కంగారే లేదు. కంప్యూటరు ఉద్యోగానికని పెళ్ళాంతో ఐర్లండు వచ్చాడు, ఆ కంపెనీ నిరుడు మూతపడింది, తర్వాత ఈ బ్రెజిల్ వ్యవహారం వచ్చిపడింది.

కోడలు సుధేష్ణ తెల్లారి ఆరింటికి బస్సెక్కి క్లోనీ అనే ఊరి దగ్గర ఆఫీసుకి పోతే ఏడింటికి గానీ రాదు. రెండున్నరేళ్ళ మనవరాలు ఐశ్వర్యని చూసుకోవడానికి సుగుణ ఈ ఊరొచ్చి పది వారాలయింది. ములింగార్ పట్నానికి అరగంట దూరం. చుట్టూ కొత్త ఇళ్ళు లేస్తూనే ఉన్నాయి గానీ, పలకరించే మనిషి పక్కింటి మార్లీ ఒక్కతే. ఆ పిల్ల పుట్టి పెరిగింది అనాపొలిస్‌లోనే, అందుకే ఆయన అడిగేవాటికి జవాబులు దొరుకుతున్నాయి. మార్లీ మొగుడికి ఊరి చివర మాంసం ఫ్యాక్టరీలో పని. ఆవుల్ని కోస్తారక్కడ. మొదట్లో ఆ సంగతి విని సుగుణ ఆ గడప వైపైనా చూసేది కాదు. రెండో వారానికల్లా పిలిచి టీ ఇచ్చింది.

"సుగుణా, ఆ దేశంలో గొడ్డుమాంసమే తిండట. వీడు ముట్టుకోడు కదా?"

"నోట్లో పెట్టుకోడండీ. అది మాత్రం ఒట్టు."

"మరి నాతో ఎందుకు మాట్లాడడు? నీ ప్రయాణానికి ముందు ఓసారి చేశాడు. వెనకాల ఎవరో ఏదో మాట్లాడుకుంటున్నారు, ఇంగ్లీషు కాదు. అదేం భాషరా అంటే, బ్రెజిల్ వాళ్ళది నాన్నా అన్నాడు. కొత్త కంపెనీ అక్కడికి పంపిందని అప్పుడేగా చెప్పాడు. ఆ తర్వాత సరిగ్గా నాలుగు మాటల్లేవు."

"పని అలాంటిదండీ. ఒళ్ళు హూనమైపోతుంది."

"కంప్యూటరు ముందు కూర్చుంటే ఒళ్ళేం హూనమవుతుందే?"

"కూర్చున్నా అవుతుంది. మీరు జమాఖర్చుల పుస్తకం ముందు కూర్చుని నడుం నెప్పని నా ప్రాణం తియ్యలేదూ?"

ఆయన నవ్వాడు. హమ్మయ్య అనుకుని సుగుణ ఇమ్మర్షన్ స్విచ్చి వేసింది. ఈ దేశంలో నీళ్ళు కాగాలంటే అరగంట ముందే గుర్తుపెట్టుకోవాలి. సున్నిపిండి డబ్బా కూడా తీసి స్నానాలగదిలో పెట్టింది.

"అసలు మాట మర్చిపోయాను," అన్నాడాయన హుషారుగా. "మా మేనల్లుడు మధుసూదన్ లేడూ, మందుల కంపెనీలో? వాణ్ణి బ్రెజిల్ పంపిస్తున్నారు. ఏ ఊరనుకున్నావు? అనాపొలిసే! అక్కడన్నీ మందుల ఫ్యాక్టరీలేనట. వచ్చేనెల పదో తారీకు. చక్రి అడ్రసు చెప్పు, గోంగూర పచ్చడి పంపిస్తాను. వాడి గది చూసొచ్చి చెబుతాడు, నా మనసు కుదుటపడుతుంది."

సుగుణ కుర్చీ లాక్కుని కూలబడింది.

"వింటున్నావా?"

"వింటున్నానండీ. పదో తారీకుకి చక్రి అక్కడుండడు."

"ఏం?"

"సెలవు మీద ఇక్కడికొస్తున్నాడు. పిల్ల బెంగపెట్టుకుంది కదా."

అవతల ఒక ఆవు అంబా అన్నది వినపడింది.

"మంచి మాట చెప్పావే," అన్నాడాయన. "అయితే ఒక్కటి చెయ్యి. వాడు గుమ్మంలో అడుగు పెట్టగానే నాతో మాట్లాడించు. ఎంత అలిసిపోయొచ్చినా సరే. తిన్నావా అని అడుగుతాను, అంతే."

"మాట్లాడిస్తానండీ. మీరు మాత్ర వేసుకుని పడుకోండి."

ఫోను పెట్టేసి, కొంగుతో మొహం తుడుచుకుంది. అబద్ధం ఆడిన నోరు చేదుగా ఉంది. ప్రతి శుక్రవారం ఉండే చేదే అది, ఇవాళ ఇంకాస్త ఎక్కువ.

"ఓకే, దోనా సుగుణ?" అంది మార్లీ.

"గ్రాండ్," అంది సుగుణ, ఫర్వాలేదనడానికి ఈ ఊరివాళ్ళు అన్నట్టే.

ఐశ్వర్య అప్పటికే కిటికీ దగ్గర కుర్చీ ఎక్కింది. రోజూ ఈ వేళకి దానికదే పని.

"వ్యాన్, నానమ్మా! వ్యాన్ ఈజ్ హియర్!"

మాంసం ఫ్యాక్టరీ వ్యాను వాకిట్లో ఆగింది. మార్లీ చేతులు తుడుచుకుని, మొగుడికి తలుపు తియ్యడానికి పరుగెత్తింది.

అతని వెనకే, రోజూలాగే, చక్రధర్ కూడా దిగాడు.